ఆరా, తొమ్మిదా

సత్యవాణిది ఉడుంపట్టు. ప్రొద్దుటూరులో చిన్నప్పుడు ఒకసారి ఉప్పుజాడీ మూత కనబడకుండా పోతే, తల్లి కొత్త మూత తెచ్చి పెట్టినా సరే, పాతది ఎటు పోయిందో తేలేదాకా ఆ పిల్లకు అన్నం సయించలేదు. చివరికి అది పక్కింటివాళ్ల కోళ్లగంప మీద బరువుగా దొరికింది. "దొరికిందిగా, ఇంక తిను" అని తల్లి అంటే, "అక్కడికి ఎవరు తీసకపోయినారు?" అని అడిగింది.

ఆ గుణమే పెద్దయ్యాక ఆమెకు కూడు పెట్టింది. బ్యాంకుల్లో పాతకాలంలో రాసిపెట్టిన ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలకు కుదించేశారనీ, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు దాన్ని పంతొమ్మిది వందలనుకుని తికమకపడతాయనీ లోకమంతా హడలిపోతున్న రోజులవి. కోబాల్ భాషలో ఉన్న ఆ పాత ప్రోగ్రాములు చదవగలిగినవాళ్ల కోసం కంపెనీలు దేశాలన్నీ గాలించాయి. అలా సత్యవాణి సింగపూరు వచ్చింది. ఎల్ఐసీలో పనిచేస్తున్న భర్త సుధాకరరావు జీతం లేని సెలవు పెట్టి, కూతురు నందితను వెంటబెట్టుకుని, భార్య ఉద్యోగపు పాస్ మీద డిపెండెంటుగా వచ్చాడు. బిషాన్‌లో ఫ్లాటు తీసుకున్నారు. వంట ఆయనే నేర్చుకున్నాడు. లిఫ్టులో ఎవరైనా పలకరిస్తే, "మా ఆవిడ రెండువేల సంవత్సరాన్ని బాగుచేస్తాంది" అని చెప్పేవాడు.

ఆ సంవత్సరం వచ్చింది. ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా చూడ్డమే సత్యవాణి పని గనక పని దివ్యంగా అయినట్టే. కానీ జరగనిదానికి చప్పట్లు కొట్టేవాడు ఎక్కడుంటాడు? బ్యాంకువాళ్లు ఆమె చేతిలో ఒక కాఫీ మగ్గు పెట్టి సాగనంపారు. ఆమెను ఈ దేశానికి తెచ్చిన ఏజెన్సీ, పాస్ గడువు మిగిలి ఉంది కాబట్టి, తంజోంగ్ పగార్‌లో కొత్తగా పెట్టిన ఒక డాట్ కామ్ కంపెనీకి ఆమెను అప్పగించింది.

కంపెనీ పేరు చటుక్కు డాట్ కామ్. యజమాని వెంకటరాజుది భీమవరం. ముప్పై రెండేళ్ల వాడు, నిలబడి మాట్లాడతాడు, కూర్చోమంటే కుర్చీ చేతి మీద కూర్చుంటాడు.

"మీరు కోబాల్ మనిషటగదండి" అన్నాడు మొదటిరోజు.

"అవును సార్."

"మన దగ్గర కోబాల్ లేదండి. అసలు ఇంకా ఏదీ లేదండి. ఏం అమ్మాలో మార్చిలో తేలుద్ది. ఎంత తొందరగా అమ్మాలన్నది మాత్రం తేలిపోయిందండి. అందుకే ఇది కొన్నాను, చూడండి."

బల్ల మీద ఒక ఫోటో పెట్టాడు. నిడుపాటి చెక్క పలకలాంటి పడవ. ముందు వైపు రెండు పక్కలా చేపరెక్కల్లాగా వెడల్పుగా ఉంది, వెనక సన్నగా ఉంది. వెనక కొసన ఇంజను తగిలించుకుంటారట. నీళ్లలో మునిగి కాకుండా, నీళ్ల మీద తాకీ తాకకుండా దూసుకుపోతుందట. హైడ్రోప్లేన్ అంటారట. జురాంగ్‌లో ఎవరిదో పాత గోడౌను ఖాళీ చేస్తుంటే, తుక్కులో పోబోతున్నదాన్ని వెంకటరాజు చూసి మనసు పారేసుకున్నాడు. దాన్ని బాగుచేయించి ఆఫీసు ముందు గదిలో నిలబెట్టాలని, ఏప్రిల్‌లో ప్రారంభోత్సవానికి హాంకాంగ్ నుంచి వచ్చే పెట్టుబడిదారులు గుమ్మంలోనే దాన్ని చూసి ముగ్ధులైపోవాలని ఆయన కోరిక.

"ఇది ఏయే రేసులు గెలిచిందో ఇత్తడి పలక మీద చెక్కించాలండి. లక్షల లైన్లలో తారీకులు పట్టుకున్నారటగదా, ఈ పడవ తారీకులు మీకో లెక్కా?"

"గెలవకపోయి ఉంటే సార్?"

"రేసు పడవ కదండీ. ఎక్కడో అక్కడ గెలిచే ఉంటాది."

ఆ మాట అని ఆయన ఫోను ఎత్తి ఇంకెవరితోనో మాట్లాడడం మొదలుపెట్టాడు. సత్యవాణికి నీళ్లంటే భయం. కుందూ నదిలో మోకాటి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. కానీ ప్రశ్న చేతికి వచ్చాక ఊరుకునే మనిషి కాదు.

పడవ పాసిర్ పంజాంగ్‌లో లిమ్ అనే ముసలాయన షెడ్డులో ఉంది. లిమ్ పెద్దగా మాట్లాడడు. సత్యవాణి వెళ్లేసరికి ఎడమ పక్కన రంగు గీకుతున్నాడు. పైన ఎరుపు, కింద ఆకుపచ్చ, దాని కింద బూడిదరంగు, అలా పొర మీద పొర. అట్టడుగున తెల్లరంగు మీద నల్లగా ఒక అంకె బయటపడింది. ఆరు.

"ఆరో నంబరు" అంది సత్యవాణి, పేరులేని శిశువుకు పేరు దొరికినంత సంబరంగా.

లిమ్ తల ఊపాడు. "రైట్ సైడ్ నెక్స్ట్ మంత్ లా" అన్నాడు, అక్కడివాళ్లు ప్రతి మాటకూ తగిలించే 'లా' తోకతో.

ఆరో నంబరును పట్టుకుని ఆమె కాళ్లకు బలపం కట్టుకుని తిరిగింది. లైబ్రరీలో పాత పత్రికలు చూసింది. ఆ రోజుల్లో పడవ పందేల వార్తల్లో బహుమతులు పంచిన దొరసానుల పేర్లు, వాళ్ల టోపీల రంగులు వివరంగా ఉన్నాయి గానీ, బహుమతులు పుచ్చుకున్నవాళ్ల ఊసు లేదు. పడవల క్లబ్బుకు వెళ్తే, గుమాస్తా "మీరు సభ్యులా?" అని అడిగాడు. కాదంది. "అయితే మీకు చెప్పలేం" అన్నాడు. "సభ్యులకైతే చెప్తారా?" అని అడిగితే, "మాకు తెలీదు" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే సుధాకరరావు గరిటె పట్టుకుని ఆలోచించాడు. "ఆ పడవ చేసేటాయన్నే అడగగూడదా? ముసలోళ్లు ఏడ కూచుంటారో ముసలోళ్లకే తెలుస్తాది."

అడిగింది. లిమ్ గీకడం ఆపకుండా రోడ్డు అవతల ఉన్న కాఫీ దుకాణం వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

దుకాణంలో మూల బల్ల దగ్గర ముగ్గురు ముసలివాళ్లు ఉన్నారు. సెంగ్ ఒకప్పుడు రేవులో సరుకు లెక్కల గుమాస్తా. పొట్టి మనిషి, పెద్ద గొంతు. హమీద్ ఓడరేవులో లాంచీ నడిపేవాడు. పొడుగు మనిషి, ఇంకా పెద్ద గొంతు. మూడో ఆయన నల్లగా, సన్నగా, తెల్లటి మీసంతో కాఫీ తాగుతూ వింటున్నాడు. పాత రేసుల గురించి తెలుసా అని సత్యవాణి అడిగిందో లేదో, ఇద్దరూ కుర్చీలు ముందుకు లాక్కున్నారు. ఇంగ్లీషూ మలయ్ కలిసిన వాళ్ల మాటల్లో ఆమెకు సగం అర్థమయ్యాయి. ఆ సగమే చాలినంత ఉంది.

"ఆరో నంబరా? నువ్వు ఆరో నంబరు గురించి అడుగుతున్నావా?" అన్నాడు సెంగ్. "దాన్ని పట్టుకున్న పడవ ఈ సముద్రంలో పుట్టలేదు. ఇక్కడే, ఈ ఒడ్డునే, కొబ్బరి చెట్ల కింద నిలబడి చూశాను. ఇప్పుడు సముద్రాన్ని పూడ్చేశారు గానీ అప్పుడు నీళ్లు ఇక్కడిదాకా ఉండేవి. మిగతా పడవలన్నీ భయపడి ఒడ్డుకొచ్చేశాయి. ఆరో నంబరు ఒక్కటే తిరుగుతూ ఉంది."

"ఒక్కటే ఎక్కడ?" అన్నాడు హమీద్. "తొమ్మిదో నంబరు లేదూ? నీ ఆరు ముందు పోతోందని ఎవరన్నారు? తొమ్మిది తరుముతుంటే పారిపోతోంది అది."

"అరచుట్టు దూరం ముందుంది ఆరు."

"గుండ్రంగా తిరిగేటప్పుడు అరచుట్టు ముందున్నా అరచుట్టు వెనకున్నా ఒకటే. తొమ్మిదే ముందుంది."

"డ్రైవర్లు ఎవరు?" అని అడిగింది సత్యవాణి.

ఇద్దరూ కొంచెం తగ్గారు. "ఆరో నంబరు డ్రైవరు బాగా వంగి కూర్చున్నాడు, కనబడలేదు" అన్నాడు సెంగ్.

"తొమ్మిదో నంబరు డ్రైవరు ఇంకా వంగి కూర్చున్నాడు" అన్నాడు హమీద్.

"చివరికి ఏది గెలిచింది?"

వాన వచ్చిందట. ఈ సముద్రం మీదికి ఉన్నట్టుండి వచ్చే గాలివాన. అందరూ తలదాచుకోవడానికి పరుగెత్తారు. వెలిశాక చూస్తే ఒక్క పడవే నీళ్ల మీద ఖాళీగా ఊగుతోంది. అది ఓడిపోయి డ్రైవరు వదిలేసి పోయిన తొమ్మిదో నంబరని సెంగ్ వాదన. కాదు, అది ఆరే అని, గెలిచిన తొమ్మిది అప్పటికే ఇంటికి పోయిందని హమీద్ వాదన. దాదాపు నలభై ఏళ్లుగా ఇదే మాట మీద వాళ్లు రోజూ కాఫీ తాగుతున్నారు. మూడో ఆయన ఎటు వైపని సత్యవాణి అడిగితే, "మావాడే, ఆరు" అని సెంగే జవాబిచ్చి ఆయన భుజం తట్టాడు.

సత్యవాణి ఆ రాత్రి కాగితం మీద రెండు గళ్లు గీసి, ఒకదాంట్లో ఆరు, ఒకదాంట్లో తొమ్మిది సాక్ష్యాలు రాసుకుంది. రెండూ సమానంగా నమ్మేట్టే ఉన్నాయి. తొమ్మిదో నంబరు పడవ ఇప్పుడు ఎక్కడుందో కూడా కనుక్కోవాలని నిశ్చయించుకుంది. నందిత తొంగిచూసి, "అమ్మా, బోట్ కోసం హోంవర్కా? సో పూర్ థింగ్ లా" అని పోయింది.

మార్చి వచ్చింది. చటుక్కు డాట్ కామ్ ఏం అమ్మాలో ఇంకా తేలలేదు. ఒకరోజు లిమ్ ఫోను చేశాడు. ఆయన ఫోను చేయడం అదే మొదలు. "కమ్" అన్నాడు, పెట్టేశాడు.

షెడ్డులో ఆయన పడవకు కుడి పక్కన నిలబడి ఉన్నాడు. అటు వైపు రంగు కూడా గీకేశాడు. తెల్లరంగు మీద నల్లగా, అదే చేత్తో రాసినట్టున్న అంకె ఉంది. తొమ్మిది.

సత్యవాణి ఎడమ పక్కకు వెళ్లి చూసింది. ఆరు. కుడి పక్కకు వచ్చింది. తొమ్మిది. లిమ్ ఒక స్టూలు తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు. పడవ చుట్టూ మెల్లగా తిరిగింది, తర్వాత తను ఒకచోట నిలబడి, పడవే తన ముందు గుండ్రంగా తిరుగుతున్నట్టు ఊహించుకుంది. దగ్గరికి వచ్చినప్పుడు ఒక పక్క కనబడుతుంది. అవతలి కొసకు పోయినప్పుడు రెండో పక్క కనబడుతుంది. దగ్గర ఆరు, దూరాన తొమ్మిది, మళ్లీ దగ్గర ఆరు. ఒకదాని వెనక ఒకటి, ఎప్పటికీ అందుకోకుండా, సరిగ్గా అరచుట్టు దూరంలో.

ఆమె అప్పుడు స్టూలు మీద కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే కాఫీ దుకాణానికి పోయింది. ముగ్గురూ ఉన్నారు. ఆ రెండు పడవల్నీ ఒక్కచూపులో, ఒకేసారి ఎవరైనా చూశారా అని అడగబోయి, ఇంగ్లీషులో మాటలు కూర్చుకుంటోంది. అంతలో సెల్ ఫోను మోగింది. సుధాకరరావు. "ఆఁ, ఈడనే ఉండాను. అడగబోతాండా. అదే, రెండూ ఒకటేనా అని" అని చెప్పి పెట్టేసింది.

"అమ్మా, ఆ మాట వాళ్లని అడగొద్దు."

తెల్ల మీసం ఆయన కప్పులోకి చూస్తూ తెలుగులో అన్నాడు. సత్యవాణి గిర్రున ఆయన వైపు తిరిగింది.

"మీరు తెలుగువాళ్లా?"

"మా నాయన చిత్తూరు పక్కనుంచి హార్బరు పనికి వచ్చినాడు. నేను ఈడనే పుట్టినాను. పేరు వీరాస్వామి. నవ్వతా మాట్లాడు తల్లీ. ఊరి సంగతులు చెప్పుకుంటా ఉండామని వీళ్లు అనుకోవాల."

సత్యవాణి నవ్వు మొహం పెట్టింది. "ఆ పడవ ఒకటే. నాకు నిన్ననే తెలిసింది. నడిపింది ఎవరో తెలుసా మీకు?"

"నేనే."

ఎదురుగా సెంగ్, హమీద్ చక్కెర ఎక్కువైందనో తక్కువైందనో పోట్లాడుకుంటున్నారు. వాళ్ల మాటల మధ్య సందుల్లోంచి వీరాస్వామి మెల్లగా చెప్పుకొచ్చాడు.

"పడవ ఒక ఇంగ్లీషు ఇంజనీరుది. రేసు ముందర ఆయనకి నడుం పట్టేసింది. నేను బక్కోణ్ణి, బరువు ఉండదని నన్ను ఎక్కించినాడు. నంబరు ఆరు. ముందురోజు నేనే రాసినాను. ఒక పక్క రాసినాక, అడుగు గీకేదానికి పడవని బోర్లించినాను. బోర్లించినాక గదా రెండో పక్క రాయలేదని గుర్తొచ్చింది. అట్లనే రాసేసినాను. తెల్లారి తిప్పి నీళ్లలో దించితే ఆ పక్క తొమ్మిది అయి కూర్చుంది. మళ్లా రాసేదానికి టైము లేదు."

"తర్వాత?"

"ఆ పడవలో ఒక పిడి ఉంటాది. చేత్తో నొక్కిపెట్టుకుంటేనే ఇంజను పరిగెత్తేది, వదిలితే నిలిచిపోవాల. మనిషి పడిపోతే పడవ నిలవాలని అట్ల పెట్టినారు. నాకు వేళ్లు తిమ్మిరెక్కతా ఉండాయి. కర్చీఫుతో కట్టేసినాను."

సత్యవాణి కళ్లు మూసుకుంది. బ్యాంకు ప్రోగ్రాముల్లో ఇలాంటి ముళ్లు ఆమె ఎన్నో విప్పింది.

"మొదటి మలుపులోనే నేను ఎగిరి నీళ్లలో పడినాను. పడవ పోతానే ఉంది. మలుపు తిరగతా ఉన్నింది గదా, తిరగతానే ఉంది. మిగతావాళ్లు దాని దగ్గరికి పోతే చస్తామని ఒడ్డుకి వచ్చేసినారు. నేను ఈదుకుంటా వచ్చి జనంలో నిలబడినాను. ఒళ్లంతా కారతా ఉంది. ఒక్కడు చూడలేదు నన్ను. అందరి కళ్లూ నీళ్ల మీదనే. పక్కనున్నోడు నా మోచెయ్యి పట్టుకుని 'నువ్వు ఆరా, తొమ్మిదా?' అని అడిగినాడు. ఈ సెంగే వాడు. అప్పుడు చూసినాను నేను. నిజంగానే రెండు ఉండేట్టే కనబడతా ఉంది."

"మీరేమన్నారు?"

"ఆరు అన్నాను. ఏమనేది?"

ఇన్నేళ్లుగా ఎందుకు చెప్పలేదని సత్యవాణి అడిగింది. మొదట సిగ్గేసిందన్నాడు. తర్వాత చెప్దామనుకుంటే వీళ్లు మధ్యలో ఎడం ఇస్తే గదా అన్నాడు. "ఇంగ ఇప్పుడు చెప్తే, రేపట్నుంచి వీళ్లు ఏం మాట్లాడుకుంటారమ్మా? సెంగ్‌కి పెళ్లాం లేదు. హమీద్ పిల్లలు వారానికి ఒకసారి వస్తారు. ఆ పడవ ఉంది వీళ్లకి."

"ఏమంటున్నాడు?" అని అడిగాడు హమీద్ సత్యవాణిని.

"మా ఊరి సంగతులు" అంది ఆమె. అబద్ధం చెప్పడం అలవాటు లేక చెవులు ఎర్రబడ్డాయి.

తంజోంగ్ పగార్‌కు తిరిగొచ్చి యజమానికి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పింది. జీతం ఇస్తున్నవాడికి నిజం చెప్పాలన్నది ఆమె నియమం. ఇత్తడి పలక మీద "రేసు తేలలేదు" అని చెక్కిస్తే సరిపోతుందని, మిగతా సంగతి దాచిపెట్టమని కూడా కోరింది. వెంకటరాజు కుర్చీ చేతి మీదనుంచి లేచాడు.

"డ్రైవరు లేడాండి?"

"లేడు సార్."

"అయినా ఎవళ్లూ అందుకోలేదు?"

"ఎవరూ లేరు సార్, అందుకునేదానికి."

"జనం మాత్రం ఒకటి చూసి రెండనుకున్నారు." ఆయన గది అంతా ఒకసారి నడిచొచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మేడమ్, ఇది పడవ కాదండి. ఇది మన బిజినెస్ ప్లాను. హాంకాంగ్ వాళ్లకి ఇదే చెప్పాలండి."

"సార్, అది ముందుకు పోలేదు. ఉన్నచోటనే గుండ్రంగా తిరిగింది."

"దాని ముందు ఎవరైనా ఉన్నారాండి?"

"వెనక కూడా ఎవరూ లేరు సార్."

"అంటే పోటీయే లేదండి. ఇంకా మంచిది గదా."

'డ్రైవరు లేకుండానే అందరికన్నా ముందు' అని పలక మీద చెక్కించడానికి ఆయన అప్పటికప్పుడు మనిషిని పంపాడు. అంతటితో ఊరుకోలేదు. ఆ ముసలివాళ్లిద్దరూ బతికున్న సాక్షులు కాబట్టి ప్రారంభోత్సవానికి గౌరవ అతిథులుగా రావాలని, పెట్టుబడిదారుల ముందు వాళ్లకు అసలు సంగతి వేదిక మీదే చెప్పి ఆశ్చర్యపరచాలని, అది చూసి అందరూ చప్పట్లు కొట్టాలని పథకం వేశాడు. ఆహ్వానాలు కూడా తనే తీసుకెళ్లి ఇచ్చాడు. సెంగ్, హమీద్ కొత్త బాటిక్ చొక్కాలు కుట్టించుకున్నారు. వీరాస్వామి మూడు రోజులు కాఫీకే రాలేదు.

సత్యవాణికి నిద్రపట్టలేదు. నిజం కనిపెట్టడం వరకే ఆమెకు చేతనయిన పని. కనిపెట్టిన నిజాన్ని ఎలా ఆపాలో ఎవరూ నేర్పలేదు. రాజీనామా ఇస్తానని వెంకటరాజును బెదిరించింది. "అలాగేనండి, ప్రారంభోత్సవం అయ్యాక ఇద్దురుగాని" అన్నాడాయన.

ఆమెను అమెరికా కాపాడింది. ఏప్రిల్‌లో అక్కడ కంప్యూటరు కంపెనీల షేర్లు ధబాలున పడ్డాయి. హాంకాంగ్ పెట్టుబడిదారులు చాంగీ విమానాశ్రయం దాకా వచ్చి, అక్కడే ఫోన్లలో మాట్లాడుకుని, నూడుల్స్ తిని, తిరుగు విమానం ఎక్కారు. ప్రారంభోత్సవం జరగలేదు. వారం తిరిగేసరికి ఆఫీసు గదుల ఓనరు వచ్చి కుర్చీలు పట్టుకుపోయాడు. వెంకటరాజు ఖాళీ గదిలో కిటికీ అంచు మీద కూర్చుని, మొట్టమొదటిసారి నిదానంగా మాట్లాడాడు.

"ఏం అమ్మాలో నిన్న రాత్రే తట్టిందండి" అన్నాడు. ఏమిటని సత్యవాణి అడిగినా ఆయన చెప్పలేదు. భీమవరం వెళ్లి వాళ్ల బాబాయి రొయ్యల చెరువులు చూసుకుంటానన్నాడు. చూసుకున్నాడని, బాగానే చూసుకున్నాడని తర్వాత తెలిసింది.

పడవ లిమ్ దగ్గరే ఉండిపోయింది. కంపెనీ పోయిందన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఆపేవాడు కాదేమో. మే మొదట్లో వార్నిష్ పూర్తి చేశాడు. నంబర్లు రెండూ ఎలా ఉన్నవి అలాగే ఉంచాడు.

ఇక చిక్కు ఎక్కడొచ్చిందంటే, కొత్త చొక్కాలు కుట్టించుకున్న ఇద్దరు ముసలివాళ్లకు వేడుక లేకపోయినా ఫరవాలేదు గానీ పడవ చూడాలి. షెడ్డు రోడ్డు అవతలే ఉంది. ఇంతకాలం వాళ్లు అటు వెళ్లకపోవడమే వింత. ప్రారంభోత్సవంలోనే చూడాలని మర్యాదకు ఆగారట. ఒక ఆదివారం పొద్దున వాళ్లు బయల్దేరుతున్నారని వీరాస్వామి ఫోను చేస్తే, సత్యవాణి, సుధాకరరావు, నందితతో సహా టాక్సీలో పరుగెత్తుకొచ్చారు. సుధాకరరావు పులిహోర డబ్బా మర్చిపోలేదు.

సెంగ్ ఎడమ పక్కన నిలబడ్డాడు. హమీద్ కుడి పక్కన నిలబడ్డాడు. మధ్యలో పడవ మెరిసిపోతోంది.

"చూశావా?" అన్నాడు సెంగ్. "ఆరు."

"నీకు చత్వారం" అన్నాడు హమీద్. "తొమ్మిది."

"ఇటొచ్చి చూడు."

"నువ్వే ఇటు రా."

ఇద్దరూ ఒకేసారి బయల్దేరారు, ఒకడు ముందు నుంచి, ఒకడు వెనక నుంచి. పక్కలు మారాయి. వీరాస్వామి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సత్యవాణి చదివిన అన్ని లక్షల లైన్లలోనూ జవాబు ఇంత పచ్చిగా, ఇంత పెద్ద అక్షరంతో ఎక్కడా రాసిపెట్టి లేదు. ఇంక దాగదనుకుంది.

సెంగ్ పడవను రెండుసార్లు చుట్టి వచ్చాడు. తర్వాత లిమ్ దగ్గరికి వెళ్లాడు.

"రెండు పడవల చెక్కా కలిపి ఒకటి చేశావా?"

లిమ్ చేతులు తుడుచుకున్నాడు. "మంచి చెక్క ఇప్పుడు దొరకదు" అన్నాడు.

హమీద్ తల ఊపాడు. సెంగ్ తల ఊపాడు. అవును, దొరకదు. ఆరులో సగం, తొమ్మిదిలో సగం మిగిలి ఉంటాయి, ఏం చేస్తాడు మరి. అంతకాలం ఒకదాన్నొకటి తరుముకున్నవి చివరికి ఒక్క పడవలో చేరాయని హమీద్ అన్నాడు. ఆ మాటకు సెంగ్ కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని నిలబడ్డారు.

సత్యవాణికి ఊపిరి తిరిగింది. కానీ వీరాస్వామి మొహంలో వెలుగు లేదు. ఇన్నేళ్లూ దాచిన మనిషికి, ఎదుట పెట్టినా ఎవరూ చూడకపోవడం మాత్రం ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. ఆయన గోడ వదిలి ముందుకు వచ్చాడు. వాళ్లిద్దరికీ అర్థమయ్యే మాటల్లో, మెల్లగా, "ఆ రోజు ఈ పడవ నడిపింది నేనే" అన్నాడు.

సుధాకరరావు పులిహోర వడ్డించబోతున్న చెయ్యి అలాగే నిలిచిపోయింది.

హమీద్ ఆయన్ని కింది నుంచి పై దాకా చూశాడు.

"ఏ నంబరుది?" అన్నాడు.

వీరాస్వామి సత్యవాణి వైపు చూశాడు.

"ఆరు" అన్నాడు.

సెంగ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "నాకు తెలుసు. మొదటి రోజే నాకు తెలుసు. అందుకే కదా ఒళ్లంతా తడిసి ఉన్నావు" అంటూ ఆయన్ని కౌగిలించుకున్నాడు. హమీద్ మాత్రం పులిహోర ముట్టకుండా టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. నలభై ఏళ్లు పక్కన కూర్చుని కాఫీ తాగినవాడు శత్రుపక్షం డ్రైవరని తెలిస్తే ఎవరికి మాత్రం కష్టంగా ఉండదు?

కొన్నాళ్లు ఆయన దుకాణంలో వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు. అక్కడ వాదించేవాళ్లు ఎవరూ లేకపోవడంతో మళ్లీ పాత బల్లకే వచ్చాడు. వస్తూ కొత్త మాట ఒకటి తెచ్చుకున్నాడు. "తొమ్మిదో నంబరు డ్రైవరు పెద్దమనిషి. ఈనాటికీ బయటికి వచ్చి గొప్పలు చెప్పుకోలేదు చూడు." ఆ మాటకు సెంగ్ కాఫీలో ఇంకో చెంచా చక్కెర వేసుకున్నాడు. వీరాస్వామి కప్పులోకి చూసుకున్నాడు.

పడవ కోసం ఎవరూ రాలేదు. లిమ్ కొన్నాళ్లు చూసి, దాని మీద రంగు డబ్బాలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

పాస్ గడువు ముగిసేలోపు సత్యవాణికి ఒక ఓడల కంపెనీలో పిలుపు వచ్చింది. వాళ్ల పాత ప్రోగ్రాములు చూసుకునే పని. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏం చేశారని అడిగారు.

"ఒక పాత రేసు పడవ చరిత్ర వెతికినాను" అంది ఉన్న సంగతి.

"దొరికిందా?"

"దొరికింది."

వాళ్లు తలలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఉద్యోగం ఇచ్చారు. జీతం మునుపటికంటే మెరుగే. సుధాకరరావు ఆ సాయంత్రం బొబ్బట్లు చేశాడు. అంతా బాగానే ఉంది గానీ, దొరికిందన్నాక ఏం దొరికిందో అడగకుండా మనుషులు ఎలా ఉండగలరన్నది మాత్రం సత్యవాణికి ఎంతకీ అంతుపట్టలేదు. పనిలో చేరి నెలయినా ఆ వెలితి పోలేదు. చివరికి ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఎవరూ అడక్కుండానే, క్యారేజీ మూత తీసి పక్కన పెట్టి తనే మొదలుపెట్టింది.